నత్త మాస్టారి ఆకాశం

"మాస్టారూ, ఆ ఒక్క ఫొటోకి ఇంకా ఎన్నాళ్లు?"

ఫొటోగ్రాఫరమ్మ కుర్చీలో కూలబడుతూ అడిగింది. మూడు రాత్రులు కొండ మీద చలిలో నిలబడి వచ్చిన మనిషి. నడుము విరిగిపోతోంది. కళ్లు మండుతున్నాయి.

"ఇంకో రెండు రోజులివ్వండి మేడమ్," అన్నాడు ఫొటోలు దిద్దే మాస్టారు, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

తెర మీద కొండా లేదు, చెరువూ లేదు. ఆకాశంలో గోరంత ముక్కను పట్టుకుని, చుక్కలు పెసరగింజలంత కనిపించేలా పెద్దది చేసుకుని కూర్చున్నాడు.

మూడేళ్లుగా అదే తంతు. స్టూడియోలో ఆయన్ని పేరుతో ఎవరూ పిలవరు. అందరికీ నత్త మాస్టారే.

వరసగా తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటాడు. ఒక్కో చుక్కనూ రెండింట్లోనూ వెతుకుతాడు. చోటు మారితే నక్షత్రం. మారకపోతే కెమెరా మచ్చ. మచ్చను చెరిపేస్తాడు. నక్షత్రం ఎంత సన్నదైనా ముట్టుకోడు.

"సన్నవి పోతే పోనీయండి. ఎవడు లెక్కపెడతాడు?"

"ఉన్నదాన్ని లేదనడం ఎందుకండీ?"

"పోనీ, పెద్దవాటినైనా కాస్త మెరిపించండి. తెల్లగా, ధగధగా."

"అన్నీ తెలుపు కాదు మేడమ్. ఇదిగో, ఇది కాస్త ఎర్రన. దీని పక్కది నీలం. కొండ దగ్గరికి దిగేసరికి అన్నీ మసకేస్తాయి. అలా ఉంటేనే చూసేవాళ్లు నమ్ముతారు."

"అబ్బో! ఒక్క రాత్రయినా నాతో కొండెక్కారా, ఇంత చెబుతున్నారు?"

ఆయన పక్క చుక్క దగ్గరికి జరిగాడు.

ఎన్నిసార్లు పిలిచినా రాలేదు మరి. నాలుగున్నర కొట్టగానే సంచి భుజాన వేసుకుంటాడు. వానొచ్చినా వరదొచ్చినా, పని మీదపడినా అంతే. ఒళ్లు వంగని మనిషి అని ఆవిడ ఎప్పుడో తీర్మానించేసింది.

"పట్టపగలే చుక్కలు చూపిస్తున్నారు మాస్టారూ నాకు!"

రాత్రి దృశ్యాల పోటీకి గడువు ఇంకా మూడు రోజులుంది. ఆవిడకే ఓపిక లేదు. పన్నెండేళ్లుగా ఆ పోటీ కోసమే కొండలెక్కుతోంది. గెలిచినవాళ్ల ఫొటోలతో పుస్తకం వేస్తారు. కిందటి రెండేళ్లూ చివరి వడపోత దాకా వెళ్లింది. అదంతా తన కెమెరా చలవే అనుకుంది. ఈసారీ కాకపోతే కెమెరా అమ్మేసి ఇంట్లో కూర్చోవాలి. మోకాళ్లు ఇక మాట వినడం లేదు.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అంది.

ఆయన తెర మీద ఓ మూలకు వేలు చూపించాడు.

"ఈ మూల ఒక్కటీ పూర్తిచేసి వెళ్లనా?"

"వద్దు."

సంచి తీసుకుని లేచాడు. వెళుతూ వెళుతూ తలుపు పక్కనున్న స్టూలుకు తగులుకుని తూలాడు. ఆవిడ తలెత్తి చూడను కూడా లేదు.

మిగతా ఆకాశాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. ఒక్క నొక్కు. అర నిమిషంలో చుక్కలన్నీ కొత్త గిన్నెల్లా తళతళలాడాయి. ఫొటో పంపేసి, ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది.

నెల తిరగ్గానే జవాబొచ్చింది. మొదటి వడపోతలోనే తీసేశారు.

"సన్నని నక్షత్రాలు చెరిగిపోయాయి. కెమెరా మచ్చలు నక్షత్రాలై కూర్చున్నాయి. కొండ అంచున తెల్లని గీత. కిందటి రెండేళ్లూ మీ ఆకాశం చూసి ముచ్చటపడ్డాం. ఆ చెయ్యి ఏమైంది?"

ఆఖరి మాట ఆవిడ మళ్లీ చదివింది. ఎంత పని చేశాను అనుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మాస్టారి చిరునామా వెతుక్కుంటూ బయల్దేరింది.

మూడు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. కుట్టుమిషన్ ముందు నుంచి ఓ పెద్దావిడ లేచి వచ్చింది. మాస్టారి అక్కట.

"మీ తమ్ముడుగారిని మళ్లీ పంపండమ్మా. తప్పు నాదే. ఎంత నిదానంగా చేసినా సరే."

"ఇంక చెయ్యలేడమ్మా. కొన్నేళ్లుగా తగ్గుతూ వస్తున్న పగటి చూపు కూడా పోయింది. కర్రతో నడవడం నేర్పే చోటికి వెళ్లాడు, సాయంత్రానికి వస్తాడు."

"పగటి చూపు కూడానా?"

"రాత్రి చూపు ఎప్పుడుంది కనక? పుట్టుకతోనే రేచీకటి. దీపాలు పెట్టే వేళకి వాడు ఇల్లు చేరాల్సిందే."

"నాతో ఒక్క మాట అనలేదే!"

"అంటే చుక్కలు దిద్దే పని ఇచ్చేవారా తల్లీ?"

ఫొటోగ్రాఫరమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

అక్క మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"చిన్నప్పుడు మేమంతా డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెడుతుంటే, ఏవీ, ఎక్కడ అని ఏడ్చేవాడు. యాభై ఏళ్ల బతుకులో వాడు చుక్కల్ని చూసింది మీ ఫొటోల్లోనేనమ్మా."