రెండు మాత్రికలు

“ఈ అధ్యాయం తీసెయ్. లేకుంటే నీ థీసిస్ మీద సంతకం పెట్ట!” ఉపేందర్‌రావు సార్ కాగితాల కట్టను బల్ల మీదికి విసిరికొట్టాడు.

“నాలుగేండ్లు పెద్దపల్లి కెల్లి కరీంనగర్ బస్సుల తిరిగి చేసిన పని సార్! ఎందుకు తీస్త?” నవనీత గొంతు ఖాళీ తరగతి గదిలో మోగింది. “మీ సిద్ధాంతం మీదనే కట్టిన కద!”

రెండు మాత్రికలకు రెండు తీర్ల సగటు తీస్తే, మొదటి సగటు నార్మ్, అంటే దాని పరిమాణం, రెండో సగటుదాన్ని ఎన్నడూ మించదన్నది సార్ సిద్ధాంతం. ధన నిశ్చిత ప్రమేయం అనే గణిత సాధనంతో ఆయన దాన్ని రుజువు చేశాడు. ఆయనను ప్రొఫెసర్‌ను చేసింది అదే.

“తప్పంటే సమజైతలేదా? గిది జూడు!” సార్ బోర్డు మీద రెండు మాత్రికలు బరబరా రాశాడు. “నీ అధ్యాయంల రాసిన అసమానతల పెట్టి చూస్కో.”

నవనీత పళ్లు కొరుకుతూ లెక్క వేసింది. నిజంగానే తప్పింది. ఆ ఉడుకు మీదనే అవే మాత్రికలను సార్ సిద్ధాంతంలో పెట్టింది. అక్కడా తప్పింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి జత దొరకాలంటే నెలల తరబడి వెతకాలి. సార్ ఒక్క కూడిక కూడా వేయకుండా రాసేశాడు.

“గివి మీకు ముందే ఎరుకనా సార్?”

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

“నాకు గీ పని ఇచ్చిన్నాడు సుత ఎరుకనేనా?”

సార్ డస్టర్ కోసం చెయ్యి చాచాడు. నవనీత దాన్ని ముందే లాక్కుంది. వరండాలో ఎమ్మెస్సీ పిల్లల మాటలు దగ్గరవుతున్నాయి.

“తుడవనియ్య సార్. ఇయ్యాల వాళ్లకు మీ సిద్ధాంతమే కద పాఠం. చెప్పున్రి.”