ఎండిన ఏరు

"పెద్దాయనా, ఆ బొమ్మ మీంచి చెయ్యి తియ్యండి. అది అమ్ముడుపోయింది."

కీర్తి మూడోసారి చెప్పింది. ఇడపనూరు కేశవులు చెయ్యి తియ్యలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, తలరుమాలు తీసి చంకలో పెట్టుకుని, పొద్దుటి నుంచీ ఆ ఒక్క బొమ్మ ముందే నిలబడి ఉన్నాడు.

రాయచూరులో కీర్తికి ఇదే మొదటి ప్రదర్శన. శక్తినగర్ కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల, రంగులు కొనదు. నల్లరేగడి, తుమ్మ బెరడు, పత్తికాయ డొప్పలు, బూడిద, పొలాల వెంట ఏం దొరికితే అది ఏరుకొచ్చి బంకతో అతికిస్తుంది. వచ్చినవాళ్లంతా "ఇందులో బొమ్మ ఎక్కడుందమ్మా?" అని అడిగి, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయారు. నాలుగు రోజులు అదే మాట విని ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి 'ఎండిన ఏరు' ఒక్కటి బెంగళూరు మ్యూజియం ఆయనకు నచ్చింది. మధ్యాహ్నం వ్యాను వస్తుంది.

"నాకియ్యి బిడ్డా," అన్నాడు కేశవులు. "రెండు సంచుల జొన్నలు దెచ్చిన. బయట ఆటోల ఉన్నయి. మా ఊర్ల అడిగితె నీ పేరు జెప్పిరి."

తన పేరు ఇడపనూరు దాకా పాకిందా అని కీర్తి లోలోపల పొంగిపోయింది. ఆమె పని ముందు చెప్పులు విడిచి నిలబడ్డవాడు ఇంతవరకూ లేడు మరి.

"అంత నచ్చిందా? ఇంట్లో ఏ గోడకు పెట్టుకుంటారు?"

"ఇంట్లకు ఎట్ల దెస్త? ఇంట్లకు దేరాదు."

"మరెందుకండీ?"

కేశవులు ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి మాట మార్చాడు.

"కృష్ణకు నీళ్లొచ్చినయి," అన్నాడు. "ఎండకాలమంత చుక్క లేకుండె. మొన్న వచ్చినయి. నీలమ్మను తీస్కపోవాలె."

"నీలమ్మ ఎవరు?"

"మా ఇంటామె. నీళ్లు రానీ, నేనే తీస్కపోత అని చెప్పిన."

"తీసుకెళ్లండి మరి, ఎవరొద్దన్నారు? మధ్యలో నా బొమ్మతో ఏం పని?"

బయట వ్యాను హారన్ వినిపించింది. ఇద్దరు మనుషులు అట్టలూ తాళ్లూ పట్టుకుని లోపలికొచ్చారు. కేశవులు బొమ్మను రెండు చేతులా పట్టుకున్నాడు. అరవలేదు, గుంజుకోలేదు. పట్టుకుని ఏడ్చాడు, అంతే. వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో తోచక కీర్తి వైపు చూశారు.

ఆమె కోపం ఎటుపోయిందో పోయింది. పక్కకొచ్చి నిలబడింది.

"ఏడవకండి. ఇదంతా మీ ఊరి మట్టే. మీకు ఇంకోటి చేసిస్తాను, అచ్చం ఇలాంటిదే."

"గిట్లాంటిది రాదు బిడ్డా." బూడిద గీత వెంట అక్కడక్కడా అతికించిన తెల్లటి ముక్కల మీద వేలు పెట్టాడు. "ఇయ్యి యాడ దొరికినయి నీకు?"

"అవా? మీ ఊరి వాగు దగ్గర తుమ్మచెట్టుకు, మూతికి గుడ్డ కట్టిన ముంత వేలాడుతుంటే దించుకున్నా. ఎవరో సున్నం కోసం కాల్చి మరిచిపోయినట్టున్నారు. నత్తగుల్లలు."

కేశవులు చంకలోని రుమాలు తీసి బొమ్మ కింద పరిచాడు. ఆ తెల్లటి ముక్కల్ని వేలి చివరతో మెల్లగా నిమిరాడు.

"గుల్లలు గాదు బిడ్డా," అన్నాడు. "మా నీలమ్మ."