గుండీల పాఠం

“మళ్ల ఆమేనా?” అన్నాడు సురేందర్, చదువుతున్న పేపర్లోంచి తల ఎత్తకుండానే.

“ఆమె గాక ఇంకెవలు!” హేమలత చేతిలోని కత్తెరను చాప మీద పడేసింది.

ఆదివారం వచ్చిందంటే జగిత్యాలలో వాళ్ల ముందుగదిలో అడుగు పెట్టడానికి సందుండదు. పాత పెళ్లిపత్రికలు, సిరిసిల్ల నుంచి తెప్పించిన ఖాళీ దారం కండెలు, చిరిగిన చొక్కాల నుంచి కోసిన గుండీలు గదంతా పరచుకుని ఉంటాయి. నాలుగేళ్ల కూతురి కోసం హేమలత వాటితో ఆటలు తయారు చేస్తుంది. ఫొటోలు తీసి, ఎలా ఆడించాలో రాసి ‘ఇంట్లోనే బడి’ అనే వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న తల్లులకే అందులో చోటు. నూట నలభై మంది చేరారు. నూట ముప్పై తొమ్మిది మంది బొటనవేలు బొమ్మ పెట్టి చేతులు దులుపుకుంటారు. అది వేరే బాధ.

మిగిలిన ఆ ఒక్కతే సంగీత. కోనరావుపేట దగ్గర పల్లె. ఎవరో లింకు పంపితే చేరింది. ఆమె ముఖం హేమలత చూడలేదు. ఫోన్లో పేరు పక్కన తాటిచెట్టు బొమ్మ మాత్రం ఉంటుంది. కల్లు గీసేవాళ్ల ఇల్లు కాబోలు అనుకుంది. ప్రతి ఆటా చేయిస్తుంది, ప్రతి ఆటకూ వంక పెడుతుంది.

గుండీలు దారానికి గుచ్చే ఆట పెడితే, “చిన్నగున్నయ్ మేడం, వేళ్లకు దొరుకుతలేవు” అని రాసింది. పసివేళ్లకు చిన్న గుండీ దొరక్కపోవడమేమిటి! సరేనని పెద్దవి చెప్పింది. పప్పులు ఏరి వేరు చేసే ఆటకు, “గిన్నె ఇసిరికొట్టిండు మేడం.” ఏనుగు, కోతి, చిలుక బొమ్మల అట్టలకు, “మొకం తిప్పుకుంటుండు. ట్రాక్టర్, బోరింగ్ గసొంటియి లేవా?” మెట్లెక్కుతూ అంకెలు చెప్పే ఆట పెట్టిన రోజు మరీ విడ్డూరం. “ఎక్కుడు ఆటలొద్దు మేడం, నాకు పానం అదురుతది.” రెండు మెట్లకే ప్రాణం అదిరితే ఆ పిల్లవాణ్ణి ఎలా పెంచుతుందో! అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అనలేదు.

“ఇప్పుడేమంటది?” అన్నాడు సురేందర్.

“అంగీ గుండీ పెట్టుకునుడు నేర్పియ్యిమన్న గద. వారం సంది వస్తలేదట. ఇంకో తీరు చెప్పాల్నట.”

“చెప్పరాదు మరి.”

“నాలుగు తీర్లు చెప్పిన! పిల్లగాని పేరు, వయసు రాయిమంటె రాయది. ఒక్క వీడియో పెట్టుమంటె పెట్టది. ‘సిగ్గుపడుతడు మేడం’ అంటది. నేనేమన్న సినిమాల ఏసెటందుకు అడుగుతున్ననా?”

సురేందర్ నవ్వాడు. హేమలతకు ఒళ్లు మండింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి కోరుట్ల రజని, గ్రూపులో అందరికంటే పెద్ద గొంతు. “మేడం, పొద్దంత గామె మెసేజులేనా? ఆమెనన్న తీసేయుండ్రి, లేకుంటె మేమన్న పోతం.” దాని కింద పదిమంది సరేనంటూ వరసగా చేతులెత్తారు.

“తీసేయ్, ఒక పని అయిపోతది,” అన్నాడు సురేందర్.

హేమలత ఆ తాటిచెట్టు బొమ్మ మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. నిజం చెప్పాలంటే, తను రెక్కలు ముక్కలు చేసుకుని తయారు చేసేవాటిని వదలకుండా చేయిస్తున్నది ఆమె ఒక్కతే. ఆ సంగతి గుర్తొచ్చి కోపం ఇంకాస్త పెరిగింది. చెప్పకుండా తీసేయడం మర్యాద కాదని ఫోన్ కలిపింది.

“మేడం! మీరే చేసిండ్రా?” అవతల గొంతులో సంతోషం పొంగింది. “ఇప్పుడే రాద్దామనుకున్న. ఇయ్యాల ఒక్క గుండీ పెట్టుకున్నడు మేడం! కింది గుండీ మీది కాజాల పెట్టిండు గని, తనంతల తనే పెట్టిండు!”

“మంచిదే గని సంగీతా, గ్రూపుల అందరు గులుగుతున్నరు. పేరు చెప్పవు, వయసు చెప్పవు. గిట్లయితె నిన్ను తీసేయాల్సి వస్తది.”

“తీసేయకుండ్రి మేడం, మీ కాల్మొక్త. కరీంనగర్ దాక తీస్కపోయి నేర్పిచ్చెటంత తాహతు లేదు మాకు. మీరు పెట్టే ఆటలే దిక్కు.”

హేమలత కోపం సగం దిగింది. మిగతా సగం ఉండనే ఉంది.

“సరే, అడిగినదానికి జవాబియ్యి. అన్నం తనే తింటడా?”

“లేదు మేడం, నేనే తినిపిస్త.”

“తానం?”

“నేనే పోస్త.”

“చెప్పులు?”

“నేనే తొడుగుత.”

“ఇంట్ల మొగోళ్లు జెర గట్టిగ చెప్పరా? మీ ఆయన ఏమంటలేడా?”

“ఏమనడు మేడం.”

దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటూ, ఫోన్లో ముద్దులు కురిపించే రకం కాబోలు అనుకుంది హేమలత. ఇన్ని నెలల విసుగంతా ఒక్కసారి నోటిదాకా వచ్చింది.

“గింత గారాబం తప్పు సంగీతా! అన్ని నువ్వే చేసిపెడితె ఇంకెప్పుడు నేర్చుకుంటడు? రేపు పెండ్లయినంక గూడ గిట్లనే కూసుంటడు. ఏ తల్లి కన్న బిడ్డనో వచ్చి వీనికి బువ్వ తినిపియ్యాలె, గుండీలు పెట్టాలె. ఆ పెండ్లాం గతేంగాను?”

అవతలి నుంచి చిన్నగా జవాబు వచ్చింది.

“తాటిచెట్టు మీదికెళ్లి పడ్డసంది గిట్లనే ఉన్నడు. గా పెండ్లాన్ని నేనే, మేడం.”