పిన్ని బుట్ట

“అది ఓనరు మనిషే! కావాలంటే రాసిస్తా” అంది వాగుడుకాయ, పంటితో దారం తెంపుతూ.

పెద్దక్క ఓరకంట కొత్తమ్మాయిని చూసింది.

చొక్కాల కాలర్లు కుట్టే ఆ గదికి ఆ పిల్ల ఈమధ్యే వచ్చింది. పనితనం అంతంతమాత్రం. కుట్టినవి వేసే తన బుట్ట ఏనాడూ సగం దాటదు. అయినా సూపర్‌వైజర్ పల్లెత్తు మాట అనడు. ప్రశ్నలు మాత్రం పుట్టెడు.

“మీరంతా ఒకే వేగంతో కుడతారేంటక్కా?”

“పిన్నిగారు మీకు చుట్టమా?”

పైగా మాటిమాటికీ మంచినీళ్ళకని లేచేది. పోతూ పోతూ పిన్ని బుట్టలోకి వంగేది.

పెద్దక్క భయమంతా అక్కడే.

పిన్ని ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్ని. ఆ గదిలో చాలామందికి మిషను తొక్కడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు పాపం కళ్ళు ఆనడం లేదు. అందుకని వరసలోవాళ్ళు తలా ఒక కాలరు గుట్టుగా ఆవిడ బుట్టలో పడేసేవాళ్ళు. సాయంత్రానికి బుట్ట నిండకపోతే పిన్ని ఉద్యోగం ఊడినట్టే.

ఈ సంగతి ఓనరు చెవిన పడితే వరసంతా వీధిన పడుతుంది.

కొత్తమ్మాయి వచ్చాక పెద్దక్క భయపడి వెయ్యడం మానేసింది. అయినా పిన్ని బుట్ట నిండుతూనే ఉంది. వాగుడుకాయ తెగించి వేస్తోంది కాబోలు, నోరు పెద్దదైనా మనసు మంచిది అనుకుంది. పైకి అడుగుదామంటే ఆ పిల్ల ఎప్పుడూ అక్కడే.

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. “రేపు ఓనరుగారే బుట్టలు చూస్తారు. జాగ్రత్త!”

పెద్దక్క ఇక ఆగలేకపోయింది. భోజనాల వేళ కొత్తమ్మాయిని మెట్ల దగ్గర నిలేసింది.

“నిజం చెప్పు. పనికొచ్చావా, మమ్మల్ని చూడ్డానికొచ్చావా?”

ఆ పిల్ల తల దించుకుంది. “రెండూనక్కా. కానీ మీరనుకునేది కాదు.”

“అదీ సంగతి! మా కబుర్లు ఎవరికి మోస్తున్నావ్?”

“ఎవరికీ కాదక్కా, ఒట్టు. నా మాట కాస్త వినండి. రేపు పిన్నిగారి బుట్ట...”

“నోర్ముయ్! పిన్ని ఊసెత్తితే మర్యాద దక్కదు. రేపు ఇక్కడ నీ మొహం కనిపించిందో, అందరం మిషన్లు ఆపేసి కూర్చుంటాం.”

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం గంట కొట్టగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

“పీడా విరగడైంది!” అంది వాగుడుకాయ.

మర్నాడు కొత్తమ్మాయి రాలేదు.

సాయంత్రం ఓనరు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బుట్టా చూసుకుంటూ నడిచాడు. పిన్ని దగ్గర ఆగాడు.

బుట్ట అడుగు కనిపిస్తోంది.

“ఏమిటమ్మా ఇది?”

పిన్ని కంగారుగా బుట్టలోకి చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది.

“రేపట్నుంచి రానక్కర్లేదు.”

పిన్ని కళ్ళజోడు తుడుచుకుంది. సంచీ భుజాన వేసుకుంది. “ఉంటానర్రా పిల్లలూ” అని గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఓనరు వెళ్ళగానే పెద్దక్క వాగుడుకాయ మీద విరుచుకుపడింది. “ఇవాళే ఎందుకు మానేశావే?”

“నేనా? అదొచ్చిన రోజే మానేశాను. నువ్వు వేస్తున్నావనుకున్నాగా!”

“నేను కాదు. మరి మీలో ఎవరర్రా?”

నేను కాదంటే నేను కాదన్నారు వరసలోవాళ్ళంతా.

సూపర్‌వైజర్ తిరిగొచ్చాడు. “ఆ అమ్మాయినేమన్నారు? ఇక రానని ఫోన్ చేసింది.”

“ఎవరు సార్ అసలా పిల్ల?” అడిగింది పెద్దక్క.

“యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెబుతుంది. పదిమంది కలిసి పనిచేసే చోట మనుషులు ఎలా మసులుకుంటారో, ఎందుకలా చేస్తారో తెలుసుకునే చదువట. పక్కన కూర్చుని చేస్తేనే తెలుస్తుందట. ముందే తెలిస్తే మీరంతా వేషాలేస్తారని నన్ను చెప్పొద్దంది. చూడ్డమే గానీ ఎందులోనూ వేలు పెట్టనని ఓనరుగారికి మాట కూడా ఇచ్చింది.”

పెద్దక్క మంచినీళ్ళ కూజా వైపు చూసింది. దాని పక్కనే పిన్ని బుట్ట. వెనకాల, ఏనాడూ సగం దాటని కొత్తమ్మాయి బుట్ట.

చూడ్డానికే వచ్చిన ఆ పిల్ల, చూస్తూ ఊరుకోలేకపోయిందని పెద్దక్కకి అప్పుడర్థమైంది.