బీసీసీలో నేను

చీకటి పడ్డాక ఎనుమాముల కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ రోజే సుకన్యను టీమ్ లీడ్ చేశారు. ఎక్సెల్ నేర్పింది నేను, మిఠాయి పంచింది తను.

మేనేజర్ రమాకాంత్ సార్‌కు మెయిల్ రాశాను, మిర్చి బస్తాలు పాడైన సంగతి సుకన్య దాచిపెట్టిందని. పచ్చి అబద్ధం. నా దగ్గరా ఒక కాపీ ఉంటుందని బీసీసీలో నా అడ్రసే పెట్టుకున్నాను. అందులో ఉన్నవాళ్లు మిగతా ఎవరికీ కనబడరు. పంపేశాను.

కూలింగ్ మిషన్ల చప్పుడు ఆగిపోయింది.

సుకన్య ఫోన్ చేసింది. "స్రవంతక్కా, ఇంకా ఆఫీసులనే ఉన్నవా? జర పైలం, ఆటోలు దొరకయ్."

"నా ఫికర్ నీకెందుకు, లీడ్ మేడమ్?" అని పెట్టేశాను.

అప్పుడే రిప్లై ఆల్ వచ్చింది, సార్‌కూ నాకూ. పంపింది నా అడ్రస్ నుంచే. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"సార్, అదంతా అబద్ధం. సుకన్య తప్పేం లేదు."

వెంటనే ఇంకోటి, నాకొక్కదానికే. "నన్నెందుకు దాస్తానవే?"

ఖాళీగా ఉన్న సుకన్య టేబుల్ మీద కీబోర్డు టకటకలాడుతోంది. అటు చూడలేదు. మెయిల్ కింద సంతకమే చూశాను: స్రవంతి, టీమ్ లీడ్.

భయం కంటే ముందు నాకు కుళ్లు పుట్టింది.