మావాడు ఏమీ అనడు

మావాడంటే మా కుక్క. పార్కులోకి రాగానే వాడి గొలుసు విప్పి, రోజూలాగే నా మెడలో వేసుకున్నాను. వాడు బాణంలా దూసుకెళ్లాడు.

ఎదురుగా వస్తున్నావిడ తన బుల్లి కుక్కను చటుక్కున చంకనెత్తుకుంది. దానికి ఒక చెవి సగమే ఉంది.

"భయపడకండి! మావాడు ఏమీ అనడు!" దూరం నుంచే అరిచాను.

వాడు తోకాడిస్తూ ఆమె చుట్టూ తిరిగాడంతే. దగ్గరికెళ్లి నవ్వాను. "చూశారా, ఆటకే. మీదాన్నీ కాస్త కిందికి వదలండి మేడమ్. ఇలా అయితే పిరికిదైపోతుంది."

"పోయినేడు ఇక్కడే వదిలానండి. ఆ పొదల అవతల నుంచి ఎవరో ఇలాగే అరిచారు, ఏమీ అనడని. నమ్మాను. నేనటు పరుగెత్తేసరికి దీని చెవి తెగిపోయింది. వెనక గేటు ఊగుతోంది, మనిషి లేడు."

కుయ్యోమన్న ఆ అరుపు నేనూ విన్నాను. ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎవరో తెలీలేదా?" అన్నాను, నేల చూపులు చూస్తూ.

"మనిషిని చూడలేదు. గొంతు విన్నాను." ఆమె దాన్ని ఇంకా గట్టిగా హత్తుకుంది. "ఇందాక మళ్లీ విన్నాను."

మావాడు ఆమె మీదికి ఎగురుతున్నాడు. గొలుసు ఇంకా నా మెడలోనే ఉంది.