నీళ్లు పోయని రోజులు

"ఆగు మామా! మళ్లీ నీళ్లేంది?" గోడ మీంచి శ్రీదేవి కేకేసింది.

పక్క క్వార్టర్లో ఒంటరిగా ఉంటున్న గురవయ్య, మల్లెచెట్టు దగ్గర చెంబుతో ఆగాడు. బొగ్గుబాయి నుంచి రిటైరైన మనిషి.

"ఆకులు పసుపెక్కినయ్ బిడ్డా. మీ అత్త పెట్టిన చెట్టు. ఆమె లెక్కనే ఇది గూడ పోతదేమో."

శ్రీదేవి వచ్చి మట్టిలో వేలు గుచ్చి చూసింది.

"ఇసుక నేలైతే వేరే మాట. నల్లరేగడి తడి పట్టుకుంటది. రోజూ పోస్తే వేర్లు కుళ్లుతయ్. మూడ్రోజులకోసారి పొయ్యి, బతుకుతది."

"మరి కడమ రెండ్రోజులు ఏ వంక పెట్టుకొని దీనితో మాట్లాడాలె?"

శ్రీదేవి ఇన్నాళ్లూ ఈ పెరట్లో వినబడే గొంతు రేడియోదనుకుంది.

"మా కరివేపాకు నిండా బొగ్గుదుమ్మే మామా. రేపొచ్చి తడిగుడ్డతో ఆకులు తుడుస్తవా?"

"ఎన్నింటికి రావాలె?" అన్నాడు గురవయ్య, ఆమె మాట ముగియకముందే.